ఎవరికి జవాబుదారీ? నెల్లూరు తీరసీమలో జీవితార్థ చర్చ: ఒక సమీక్ష

మనిషి తనకంటూ ఒక జీవిత తత్వాన్ని ఏర్పరచుకోవాలా, లేక పుట్టిన ఇల్లూ ఊరూ అందించినదానితోనే బతుకు వెళ్లదీయవచ్చా? తెలుగువాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. అయితే ఈ ముప్పై నలభై ఏళ్లలో ఇది బాగా చిక్కుపడింది. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు విజయమే జీవితానికి అర్థమన్నట్టు రాస్తున్నాయి. ప్రవచనకారులు శరణాగతి ఒక్కటే దారి అంటున్నారు. ‘ఇకిగాయ్’ పేరుతో జపాను నుంచి ఒక సూత్రం, స్టోయిక్కుల పేరుతో రోము నుంచి ఇంకో సూత్రం పుస్తకాల అంగళ్లకు చేరాయి. చదువుకుని ఊరు విడిచిన పిల్లలకు వీటిలో దేన్ని పట్టుకోవాలో పాలుపోవడం లేదు. అసలు దేన్నీ పట్టుకోనక్కర లేదనే వాదమూ బలంగానే ఉంది.

ఈ సందడిలో ఒక సంగతి మరుగున పడింది. ఈ చర్చ మన నేల మీదే, పేర్లూ తేదీలూ ఉన్న మనుషుల బతుకుల్లో, చాలా లోతుగా జరిగింది. పెన్న సముద్రంలో కలిసే చోటుకు అటూ ఇటూ ఉన్న నెల్లూరు తీరసీమనే తీసుకుందాం. తిక్కన భారతం పుట్టిన నెల్లూరు, గాంధీ ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమం, పుచ్చలపల్లి సుందరయ్య స్వగ్రామం అలగానిపాడు, అవధూత వెంకయ్యస్వామి సమాధి ఉన్న గొలగమూడి, ఎక్కిరాల భరద్వాజ పాఠాలు చెప్పిన విద్యానగర్, ఇవన్నీ ఒక్క రోజులో చుట్టి రాగల దూరంలో ఉన్నాయి. జీవితానికి అర్థమేమిటన్న ప్రశ్నకు ఒక్కో ఊరు ఒక్కో జవాబు చెప్పింది.

ఆ జవాబులను పక్కపక్కన పెట్టి చూడడం ఈ వ్యాసం పని. ప్రతి మార్గాన్నీ మూడు ప్రశ్నలు అడుగుదాం. అది మనిషిని ఎవరికి జవాబుదారీ చేస్తుంది? ఏం వదులుకోమంటుంది? కష్టమో చావో ఎదురైనప్పుడు ఏం చెబుతుంది?

ప్రశ్న ఎలా మారుతూ వచ్చింది

పాత సమాజంలో జీవితార్థం అన్నది విడిగా వెతకవలసిన వస్తువు కాదు. ధర్మార్థకామమోక్షాల చట్రం ఉండేది. కులమూ వృత్తీ అందులో ఎవరి చోటు ఎక్కడో చూపేవి. చోటు నచ్చనివాడికి సన్యాసమో భక్తో దిక్కు. ‘నేనెలా బతకాలి’ అన్న ప్రశ్న ‘నా ధర్మాన్ని ఎలా నెరవేర్చాలి’ అన్న రూపంలోనే వినబడేది.

ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగంలో ఆ చట్రం కదిలింది. ఇంగ్లీషు చదువు, జాతీయోద్యమం, సంఘసంస్కరణ ఒకేసారి మీదికొచ్చాయి. తిలక్ ‘గీతారహస్యం’ 1915లో వెలువడి, గీతను కర్మయోగ గ్రంథంగా చదవడం నేర్పింది. గాంధీ దాన్నే అనాసక్తి యోగంగా వ్యాఖ్యానించారు. యూరపులో ఇదే ప్రశ్న వేరే దారిన వచ్చింది. కామూ 1942లో సిసిఫస్ గురించి రాసినా, సార్త్ర్ 1945లో అస్తిత్వవాదం మీద ఉపన్యసించినా, నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడిన విక్టర్ ఫ్రాంకల్ 1946లో తన పుస్తకం తెచ్చినా, యుద్ధంలో కూలిన నమ్మకాల మధ్య ఒంటరి మనిషికి ఏం మిగిలిందన్నదే వాళ్ల ఆరాటం. మన దగ్గర ప్రశ్నను లేపినవి పరాయి పాలన, అంటరానితనం, కూలివాడి ఆకలి. అందుకే ఇక్కడి జవాబుల్లో ‘నేను’ ఎప్పుడూ ఒంటరిగా నిలబడలేదు. వాటిని యూరపు కొలతలతో చూసి తత్వశాస్త్రం కాదనడం పొరపాటు.

సమన్వయ మార్గం: తిక్కన

పదమూడో శతాబ్దపు నెల్లూరులో తిక్కన రాజు మనుమసిద్ధి కొలువులో మంత్రి, కవి, యజ్ఞం చేసిన సోమయాజి. శైవ వైష్ణవాలు ఒకదానితో ఒకటి తలపడుతున్న కాలమది. ఆయన విరాటపర్వం మొదలు పదిహేను పర్వాల భారతాన్ని రాసి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. శివుణ్ణీ విష్ణువునూ ఒకే రూపంగా కొలవడం ఆయనకు రాజీ కాదు, సిద్ధాంతం. భీష్మపర్వంలో భగవద్గీతను చాలా క్లుప్తంగా ముగించి, కథలోని మనుషుల నడవడి మీద చూపు నిలపడం కూడా ఆయన స్వభావాన్ని తెలిపేదే. తత్వం ఉపదేశంలో కంటే నడతలో తెలుస్తుందన్న నమ్మకం ఆయన రచనంతటా ఉంది.

ఈ మార్గం మనిషిని లోకం విడిచిపొమ్మనదు. పదవీ, సంసారమూ, రచనా అన్నీ ఉండవచ్చు. వదులుకోవలసింది ‘నా దేవుడే దేవుడు’ అన్న పట్టుదలను. నెల్లూరు చెరువు గట్టున బారాషహీద్ దర్గాలో మొహర్రం నాళ్లలో జరిగే రొట్టెల పండగ ఇలాంటి మనస్సుకే జనం ఇచ్చిన రూపం. చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, పెళ్లి రొట్టె అని పేరు పెట్టి మతభేదం లేకుండా పుచ్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి మరొకరికి రొట్టె ఇస్తారు. దీన్ని తిక్కన ప్రభావమని అనలేం. కానీ కలుపుకుని బతకడాన్ని విలువగా చూసే గుణం ఈ సీమలో పండితులకే పరిమితం కాలేదని చెప్పవచ్చు.

ఈ మార్గం మీద అభ్యంతరమూ గట్టిదే. దేవుళ్ల మధ్య గోడ తీసిన సమన్వయం మనుషుల మధ్య గోడను తీయలేదు. వర్ణధర్మపు చట్రం అలాగే ఉండిపోయింది. తరువాతి మార్గం అక్కడే మొదలవుతుంది.

సేవా మార్గం: పల్లిపాడు నుంచి పొట్టి శ్రీరాములు దాకా

దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య పెన్న ఒడ్డున పల్లిపాడులో నెలకొల్పిన పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని గాంధీ 1921 ఏప్రిల్ 7న ప్రారంభించారు. ఖద్దరు, చదువు, అంటరానితనం మీద పోరు దాని నిత్యకృత్యాలు. జీవితానికి అర్థం రోజువారీ పనిలోనే ఉందని, ఆ పని అందరికన్నా అట్టడుగున ఉన్నవాడికి చెందాలని ఆశ్రమం చెప్పింది.

ఈ మార్గపు లోతు తెలియాలంటే ముగ్గురిని చూడాలి. పొట్లపూడి భూస్వామి కుటుంబంలోకి కోడలిగా వచ్చిన పొణకా కనకమ్మ పల్లిపాడు ఆశ్రమానికి అండగా నిలిచారు, 1923లో నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయాన్ని స్థాపించారు, సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. కూతురు పోయిన దుఃఖంలో ఆమె రమణ మహర్షి వైపు తిరిగారు. అంటే సేవ ఆమెకు బతకడానికి పని చూపింది గానీ, చావు పెట్టిన ప్రశ్నకు మాత్రం ఆమె వేరే చోట జవాబు వెతుక్కున్నారు. ఆమె ఆత్మకథ ‘కనకపుష్యరాగం’ ఈ రెండు దశలనూ కలిపి చదవవలసిన పుస్తకం.

వెన్నెలకంటి రాఘవయ్య తన జీవితాన్ని యానాది గిరిజనులకు అంకితం చేశారు. పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసిన నేరజాతుల చట్టానికి ఎదురు నిలిచారు. ఆ చట్టం 1952లో రద్దయింది.

మద్రాసులో 1901లో పుట్టిన పొట్టి శ్రీరాములు బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగు చదివి రైల్వేలో కొలువు చేశారు. భార్యా పసిబిడ్డా చనిపోయాక ఉద్యోగం మానేసి గాంధీ దగ్గరికి వెళ్లారు. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల ప్రవేశం కోసం నిరాహారదీక్ష చేశారు. నినాదాలు రాసిన అట్టలు తగిలించుకుని, కాళ్లకు చెప్పులు లేకుండా నెల్లూరు వీధుల్లో తిరిగినప్పుడు చాలామంది ఆయన్ను మతి చెడ్డవాడిగా చూశారు. ఆంధ్రరాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న మద్రాసులో మొదలుపెట్టిన దీక్ష 58 రోజులు సాగి డిసెంబరు 15న ఆయన మరణంతో ముగిసింది. జనం స్మృతిలో ఆయన రాష్ట్ర సాధకుడు. జీవితార్థ చర్చకు మాత్రం 1946 నాటి శ్రీరాములే ముఖ్యం. అప్పుడు ఆయన వెనుక జనసముద్రం లేదు. తన మనస్సాక్షికీ, గుడి బయట నిలబెట్టిన మనిషికీ తప్ప ఆయన ఎవరికీ జవాబు చెప్పుకోలేదు.

సామ్యవాద మార్గం: అలగానిపాడు, కావలి

సుందరయ్య 1913 మే 1న అలగానిపాడులో భూస్వామి ఇంట పుట్టారు. గాంధీ ప్రభావంతో చిన్నతనంలోనే కాలేజీ వదిలి 1930 సత్యాగ్రహంలో జైలుకెళ్లిన మనిషి, తరువాత కమ్యూనిస్టు నాయకుడు అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టు అయ్యారు. పేరులోని కులసూచకాన్ని తీసేశారు. సొంత ఊళ్లోనే వ్యవసాయ కూలీలను సంఘటితం చేశారు, వారసత్వపు ఆస్తిని పార్టీకి ఇచ్చేశారు. ఆయన, భార్య లీల కలిసి పిల్లలు వద్దని నిర్ణయించుకున్నారు.

పైకి చూస్తే ఇది కూడా గాంధేయ త్యాగంలాగే ఉంటుంది. తేడా లెక్కలో ఉంది. గాంధేయుడు త్యాగాన్ని ఆత్మశుద్ధి అంటాడు. సుందరయ్యకు ఆత్మశుద్ధితో నిమిత్తం లేదు. భూమి ఎవరి చేతిలో ఉందన్నది తేలకుండా వ్యక్తి మంచితనంతో కూలివాడి బతుకు మారదని ఆయన నిశ్చయం. జీవితార్థాన్ని చరిత్ర గమనంతో ముడిపెట్టడం ఈ మార్గపు బలం. నేను పోయినా పని సాగుతుందన్న ధైర్యం అక్కడి నుంచే వస్తుంది.

బలహీనతా అక్కడే ఉంది. చరిత్ర అనుకున్న దారిన నడవకపోతే? పార్టీలు చీలి, సోవియట్ యూనియన్ 1991లో కూలినప్పుడు ఎందరో కార్యకర్తలకు రాజకీయంతో పాటు బతుకు ఆధారమే కదిలింది. కావలి జవహర్ భారతి కళాశాలలో పాఠాలు చెబుతూ విప్లవ సాహిత్యోద్యమంలో నిలబడిన కె.వి.రమణారెడ్డి వంటివారు సాహిత్యాన్నీ చరిత్ర పరిశోధననూ ఆ నమ్మకానికి తోడు చేసుకున్నారు. సిద్ధాంతం ఒక్కటే చాలనుకున్నవారి కంటే, దాన్ని రోజువారీ పనిగా మలచుకున్నవారే గడ్డుకాలంలో నిలదొక్కుకున్నారన్న వాదన పరిశీలించదగ్గది.

గురుమార్గం: గొలగమూడి, విద్యానగర్

పై రెండు మార్గాలకు దొరకని జనం ఈ సీమలో అవధూతల దగ్గర గుమిగూడారు. పల్లెటూరి సామాన్య కుటుంబంలో పుట్టి, తొలినాళ్లలో పిచ్చివాడనిపించుకున్న వెంకయ్యస్వామి గొలగమూడిలో ధుని (అగ్నిగుండం) వెలిగించుకుని ఉండేవారు. 1982 ఆగస్టు 24న సమాధి చెందారు. కూలీలూ చిన్నరైతులూ ఆయన దగ్గరికి వచ్చింది సిద్ధాంతం కోసం కాదు. తమ కష్టాన్ని వినే మనిషి కోసం వచ్చారు.

ఈ మార్గానికి చదువుకున్నవారి భాషలో రూపమిచ్చింది ఎక్కిరాల భరద్వాజ. విద్యానగర్ కళాశాలలో ఇంగ్లీషు అధ్యాపకుడైన ఆయన, మరణం గురించీ బతుకు ప్రయోజనం గురించీ పుట్టిన సంశయాలతో బయలుదేరి 1963లో షిరిడీ చేరారు. తరువాత ‘సాయి లీలామృతం’ రాశారు, వెంకయ్యస్వామి చరిత్రనూ రాశారు. నమ్మమని చెప్పడం కన్నా వెతకమని, మహనీయుల చరిత్రలు పారాయణ చేసి సొంత అనుభవంతో సరిచూసుకోమని చెప్పడం ఆయన ప్రత్యేకత.

కష్టంలో ఉన్నవాడికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ఈ మార్గమే. ‘ఎందుకు నాకే’ అన్న ఏడుపును అది వింటుంది. విమర్శ కూడా అంత సూటిది. కష్టానికి కారణమైన వ్యవస్థను అది ప్రశ్నించదు. గురువు పోయాక మిగిలే సంస్థ మళ్లీ మొక్కుబడుల లెక్కలోకి జారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

రెండు సవాళ్లు: గోరా, జిడ్డు కృష్ణమూర్తి

నెల్లూరు సీమలో పుట్టకపోయినా, ఇక్కడి మార్గాలన్నిటినీ నిలదీసే ఇద్దరు తెలుగువాళ్లు ఉన్నారు. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకు మార్చారు. దేవుడి మీద భారం వేయడం మానినప్పుడే మనిషి తన పనులకు తాను బాధ్యుడవుతాడన్నది ఆయన వాదం. సేవకు దైవభక్తి అవసరం లేదని ఆయన జీవితమే నిరూపించింది.

మదనపల్లెలో 1895లో పుట్టిన కృష్ణమూర్తి ఇంకో అడుగు వేశారు. తనను జగద్గురువును చేయడానికి పెట్టిన సంస్థను 1929 ఆగస్టు 3న తానే రద్దు చేశారు. ఆయన దృష్టిలో ‘నా జీవిత తత్వం’ అని ఒకదాన్ని కట్టుకోవడమే చిక్కు. అది భయం నుంచి పుడుతుంది, మనస్సును మూసేస్తుంది. నెల్లూరు సీమ మార్గాలన్నీ ఎవరికో ఒకరికి జవాబుదారీ కమ్మన్నాయి. ఆయన ఆ బంధాన్నే అనుమానించమన్నారు. అయితే కూలి దొరకని ఇంట్లో ఈ మాట ఎంతవరకు పనికొస్తుందన్న ప్రశ్న అలాగే ఉంది.

పేరు లేని తత్వం: పట్టపుపాలేలు, దూబగుంట

ఇంతవరకు చెప్పినవారిలో చాలామందికి వదులుకోవడానికి ఏదో ఒకటి ఉంది: భూమి, ఉద్యోగం, పదవి, సంస్థ. లేనివాడి తత్వం ఏమిటి? ఈ చర్చలో అందరూ దాటేసే చోటు ఇదే.

తీరం వెంబడి మత్స్యకారుల పట్టపుపాలేల్లో గంగమ్మ మొక్కు, ఊరి పెద్దలైన కాపుల తీర్పు, దురాయి అనే ఊరి కట్టుబాటు కలిసి బతుకుకు ఒక హద్దూ ఒక ఆసరా ఇస్తాయి. అక్కడ అర్థం మనిషి ఎంచుకున్నది కాదు, ఊరు పంచుకున్నది. ఆపదలో ఊరంతా వెంట నిలుస్తుంది. దురాయిని కాదన్నవాడు ఒంటరి అవుతాడు. ఈ రెండూ నిజాలే. పిల్లల్ని పెంచి చదివించడమే జీవిత లక్ష్యమనుకునే కోట్లాది గృహస్థుల తత్వం కూడా ఈ కోవలోదే. దానికి గ్రంథం లేదని చిన్నచూపు చూడడం తగదు.

దూబగుంట తీరాన లేదు, జిల్లా మెట్టప్రాంతంలో ఉంది. కానీ ఈ చర్చలో దాన్ని వదలలేం. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు 1991లో ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ కథే వయోజన విద్య వాచకంలో పాఠమై ఊరూరా పాకింది. 1992 నాటికి జిల్లా అంతా కదిలింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఈ ఆడవాళ్లు ఏదీ త్యాగం చేయలేదు. అక్షరాన్ని సంపాదించుకున్నారు, తాగుడుకు పోతున్న కూలిడబ్బును వెనక్కి తెచ్చుకున్నారు, మాట్లాడే ధైర్యాన్ని గడించారు. జీవితార్థం వదులుకోవడంలోనే ఉందన్న పెద్దల మాటకు దూబగుంట గట్టి సవరణ.

పోల్చి చూస్తే

- సమన్వయం: జవాబుదారీ ధర్మానికి, భేదం లేని దైవానికి. వదిలేది మతపు పంతం. కష్టంలో నిబ్బరం ఇస్తుంది. కులాన్ని కదల్చలేదు.
- సేవ: జవాబుదారీ అట్టడుగు మనిషికి, మనస్సాక్షికి. వదిలేది సుఖం, హోదా. పనిలో ఊరట ఇస్తుంది. సొంత దుఃఖానికి ఒక్కోసారి చాలదు.
- సామ్యవాదం: జవాబుదారీ శ్రమించే వర్గానికి. వదిలేది ఆస్తి, కులం పేరు. చావును మించిన పనిని చూపుతుంది. చరిత్ర ఎదురు తిరిగితే కుంగుతుంది.
- గురుమార్గం: జవాబుదారీ గురువుకు. వదిలేది అహం. ఏడుపును వింటుంది. ఏడుపుకు కారణమైన వ్యవస్థను అడగదు.
- హేతువాదం, స్వీయ పరిశీలన: జవాబుదారీ తన వివేకానికి. వదిలేది ఆసరాలన్నీ. స్పష్టత ఇస్తుంది. తోడు ఇవ్వడం తక్కువ.
- సామూహిక జీవనం: జవాబుదారీ ఊరికి, పిల్లలకు, తోటివారికి. వదిలేదానికన్నా సంపాదించేది ఎక్కువ. కష్టాన్ని పంచుతుంది. ఒంటరి గొంతును ఒక్కోసారి నొక్కుతుంది.

ఇంకా తేలనివి

మొదటిది, ఎంపిక గురించినది. తనకో తత్వాన్ని ఎంచుకోవాలంటే తీరిక, చదువు, పొట్టకు భరోసా కావాలి. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు అడవిని విడిచి కదలవలసి వచ్చిన యానాదులను మీ జీవితార్థమేమిటని ఎవరూ అడగలేదు. ఎంపిక కొందరికే అందే చోట సొంత తత్వం గురించి మాట్లాడేవారు ఆ అందుబాటు గురించి కూడా మాట్లాడాలి.

రెండోది, త్యాగపు ఖరీదు ఎవరు చెల్లిస్తారన్నది. ఇల్లు విడిచిన మగవాడి చరిత్ర రాస్తాం. ఆ ఇంటిని నడిపిన ఆడమనిషి తత్వం రాతల్లోకి రాదు. పిల్లలు వద్దన్న సుందరయ్య, లీల నిర్ణయం ఇద్దరిదీ కాబట్టి గౌరవించదగ్గది. అలా కానివి ఎన్నో లెక్క తేలదు.

మూడోది, శోకం. సేవ, పోరాటం, వివేకం బతికున్నవాళ్ల మధ్య న్యాయం గురించి చెప్పినంత బాగా, పోయినవాళ్ల గురించి చెప్పలేకపోయాయి. కనకమ్మ దారి మళ్లడాన్ని బలహీనతగా చూసేవారు ఉన్నారు. ఆ మలుపును నిజాయితీగా చదివితే, ఏ ఒక్క తత్వమూ బతుకంతటికీ సరిపోకపోవచ్చని తెలుస్తుంది.

నాలుగోది, కలపవచ్చా అన్నది. ఒకే మనిషి పొద్దున పారాయణ చేసి సాయంత్రం కూలి సంఘంలో కూర్చోవచ్చా? పండితులు వైరుధ్యం అంటారు. ఈ సీమ జనం ఎప్పటినుంచో అలా చేస్తూనే ఉన్నారు. ఆ ఆచరణను సిద్ధాంతంగా ఎవరూ ఇంకా సరిగ్గా రాయలేదు.

తేల్చగలిగినంత

ఈ మార్గాల్లో ఏది గొప్పదో తేల్చడం ఈ సమీక్షకు సాధ్యం కాదు. అయినా వీటన్నిటినీ కలిపి చదివితే ఒక మాట గట్టిగా చెప్పవచ్చు. ఇక్కడ ఎవరూ ముందు తత్వాన్ని కనుగొని, ఆ తరువాత బతకడం మొదలుపెట్టలేదు. శ్రీరాములుకు ఇంట చావు, సుందరయ్యకు ఊరి కూలీల ఆకలి, భరద్వాజకు తీరని సంశయం, దూబగుంట ఆడవాళ్లకు ఖాళీ అయిన కూలిడబ్బు ముందు ఎదురయ్యాయి. ‘నేను ఎవరికి జవాబు చెప్పాలి’ అన్నది అక్కడ తేలింది. తత్వం ఆ తరువాత వచ్చింది.

కాబట్టి సొంత తత్వం వెతుక్కునేవారికి ఈ సీమ చరిత్ర ఇచ్చే సలహా పుస్తకాల జాబితా కాదు. తన ఎదుట ఉన్న కష్టాల్లో దేని ముందు తల తిప్పుకోలేకపోతున్నాడో మనిషి ముందు తేల్చుకోవాలి. ఆ కష్టంలో ఉన్నవారికి తన రోజులో కొంత భాగం రాసివ్వాలి. అలా కొంతకాలం నడిచాక తిక్కనను చదివినా, సుందరయ్యను చదివినా, భరద్వాజను చదివినా వాళ్ల మాటలు తన పనికి సంబంధించినవిగా వినిపిస్తాయి. నడవకుండా చదివితే ఆ పెద్దలు కూడా ఇకిగాయ్ పక్కన అరలో ఉండే మరో పుస్తకంగానే మిగులుతారు.